గునియా ఎవరి చేతిలో?

"మీ బాధ నిజమే కావచ్చు. కానీ ఇది నార్మేటివ్ కాదు కదా."

ఒక సాహిత్య సభలో మాలో ఒకరు చదివిన వ్యాసం మీద వచ్చిన మాట ఇది. అన్నాయన మంచివాడే. మా మీద కసి ఉన్నవాడు కాదు. మధ్యాహ్నం భోజనాల దగ్గర మా పక్కనే కూర్చున్నాడు, పెరుగు వేయించుకోమని బలవంతపెట్టాడు కూడా. కానీ ఆ మాట మాత్రం గొంతులో ముల్లులా ఉండిపోయింది. అర్థం కాలేదని చెప్పడానికి సిగ్గేసింది. అర్థమైనట్టు తలూపి వచ్చేశాం. బస్సులో వస్తూ ఒకరినొకరం అడుక్కున్నాం: ఇంతకీ ఆయన ఏమన్నట్టు? మేం రాసింది అందరి అనుభవం కాదన్నాడా? అందరూ ఒప్పుకోవాల్సిన విలువ కాదన్నాడా? రాసే పద్ధతి సరిగా లేదన్నాడా?

ఇంటికొచ్చి నిఘంటువు తీశాం. 'ప్రామాణికమైన' అని ఉంది. ఇంకో దాంట్లో 'ప్రమాణాలకు సంబంధించిన' అని ఉంది. రెండూ ఒకటేనా? కాదు. 'ప్రమాణాలకు సంబంధించిన' అంటే ఏది మంచి, ఏది చెడు అన్న విచారణ. దాంట్లో ఎవరైనా కూర్చుని వాదించొచ్చు. 'ప్రామాణికమైన' అంటే ఆ విచారణ అయిపోయింది, తీర్పు వచ్చేసింది, ఇక మీరు ఒప్పుకోవడమే మిగిలిందని. ఒక మాట తలుపు తెరుస్తుంది. ఇంకో మాట అదే తలుపు వేస్తుంది. ఇంగ్లీషులో రెంటికీ ఒకటే గొళ్లెం.

తెలుగులో 'ప్రమాణం' తక్కువదేమీ కాదు. కొలతకు ప్రమాణం అంటాం. గుడి ముందు నిలబెట్టి 'ప్రమాణం చెయ్' అంటాం. తర్కం చదివినవాళ్లు ప్రత్యక్షం, అనుమానం వంటి వాటిని ప్రమాణాలంటారు. కొలత, ఒట్టు, రుజువు మూడూ ఒకే సంచిలో ఉన్నాయి. అందుకే ఎవరైనా 'ఇది ప్రామాణికం కాదు' అంటే మనకు మూడు దెబ్బలూ ఒకేసారి తగులుతాయి: నీది కొలతకు రాదు, నీ మాట నమ్మలేం, నీ దగ్గర సాక్ష్యం లేదు.

ఈ మాట పుట్టిన చోటికి పోయి చూస్తే మాకు ఆశ్చర్యం వేసింది. లాటిన్‌లో 'నార్మా' అంటే వడ్రంగి వాడే మూలమట్టం. మా బస్తీల్లో మేస్త్రీలు దాన్నే గునియా అంటారు. రెండు చేతులు తొంభై డిగ్రీల్లో కలిసే ఇనప పనిముట్టు. గోడ మూల సరిగా వచ్చిందా లేదా చూడ్డానికి. లెక్కల పుస్తకంలో ఇప్పటికీ 'నార్మల్' అంటే లంబ రేఖ అని ఉంటుంది చూడండి, అది ఈ గునియా గుర్తే. ఆ గునియా నుంచి నార్మ్, నార్మ్ నుంచి నార్మల్, నార్మేటివ్. బ్రిటిషు వాళ్ల కాలంలో పంతుళ్లను తయారుచేసే బడిని నార్మల్ స్కూల్ అనేవాళ్లు. మామూలు బడి అని కాదు దాని అర్థం. పంతులు ఎలా ఉండాలో ఆ కొలతకు చెక్కే బడి అని.

మా గల్లీలో ఒక మేస్త్రీ చాచా ఉన్నాడు. నలభై ఏళ్లుగా గోడలు కడుతున్నాడు. ఈ ముచ్చట ఆయనకు చెప్తే నవ్వాడు. "గోడ వంకరైతే గునియా చెప్తది బేటా. గునియానే వంకరైతే ఎవరు చెప్పాలె?" అన్నాడు. అదే అడుగుదామనుకున్నాం చాచా, మీరే అడిగారు అన్నాం. అప్పుడు చేసి చూపించాడు. పలక అంచుకు గునియా ఆనించి ఒక గీత గీశాడు. తర్వాత గునియాను బోర్లా తిప్పి, అదే అంచుకు అదే చోట ఆనించి మళ్లీ గీశాడు. రెండు గీతలు ఒకదాని మీద ఒకటి పడితే గునియా ఖరా. పైన విడిపోయి కత్తెరలా కనిపిస్తే గునియా ఖోటా. ఇంకో పద్ధతీ ఉంది. మూల నుంచి ఒక వైపు మూడడుగులు, ఇంకో వైపు నాలుగడుగులు కొలిచి గుర్తులు పెడితే, ఆ గుర్తుల మధ్య సరిగ్గా ఐదడుగులు రావాలి. రాకపోతే ఎంత ఖరీదు పెట్టి కొన్న గునియా అయినా పనికిరాదు.

తిప్పి పెట్టి చూడటం. చాచా చెప్పిన ఈ కిటుకును మేం మర్చిపోలేదు. ఈ వ్యాసమంతా దాన్ని చేత్తో పట్టుకునే రాస్తున్నాం.

ముందు ఒక చిక్కు విప్పాలి. ఎక్కువమంది చేసేది వేరు, చేయాల్సింది వేరు. ఇది చిన్నపిల్లలకు కూడా తెలుసు. 'అందరూ కాపీ కొడుతున్నారు' అని కొడుకు అంటే 'అందరూ గడ్డి తింటే నువ్వూ తింటావా' అని తల్లి అంటుంది. స్కాట్లండ్ తత్త్వవేత్త డేవిడ్ హ్యూమ్ 1740లో దీన్నే ఇంకో రకంగా పట్టుకున్నాడు. నీతి గురించి రాసేవాళ్లు 'ఉంది, లేదు' అని మొదలుపెట్టి, మనం చూస్తుండగానే 'ఉండాలి, ఉండకూడదు' లోకి జారిపోతారనీ, ఆ జారుడుకు కారణం మాత్రం చెప్పరనీ. తత్త్వశాస్త్రంలో 'నార్మేటివ్' అంటే ఈ 'ఉండాలి' వైపుది. ఆర్థికశాస్త్రం చదివినవాళ్లకు ఇది తెలిసిన సంగతే. ధర ఎందుకు పెరిగిందో చెప్పేది పాజిటివ్, ధర పెరగడం న్యాయమా కాదా అని అడిగేది నార్మేటివ్.

ఇంతవరకు బాగానే ఉంది. కానీ 19వ శతాబ్దంలో ఒక తమాషా జరిగింది. బెల్జియంలో కెట్లె అనే ఖగోళ శాస్త్రజ్ఞుడు మనుషులను లెక్కపెట్టడం మొదలుపెట్టాడు. ఎత్తులు, ఛాతీ కొలతలు, పెళ్లిళ్లు, నేరాలు. 1835లో వచ్చిన తన పుస్తకంలో 'సగటు మనిషి' అనే ఒకడిని నిలబెట్టాడు. నిలబెట్టి ఊరుకోలేదు. నక్షత్రాన్ని కొలిచేటప్పుడు వచ్చే తప్పుల్లాగే, సగటుకు అటూ ఇటూ ఉన్న మనుషులు ప్రకృతి చేసిన చిన్న చిన్న పొరపాట్లన్నట్టు చూశాడు. అంటే సగటువాడే ఆదర్శం. ఎక్కువమంది ఎలా ఉన్నారో అదే ఎలా ఉండాలో కూడా అయిపోయింది. దాదాపు ఆ కాలంలోనే ఇంగ్లీషులో 'నార్మల్' అంటే 'మామూలు' అనే అర్థం స్థిరపడింది. గునియా పోయి గుంపు వచ్చింది.

ఈ రెండు అర్థాలూ కలిసి ఎంత గందరగోళం చేస్తాయో చూడాలంటే ఎక్కడికో పోనక్కర్లేదు. తెలంగాణలో ఏ ఆసుపత్రికైనా పోండి. 'నార్మల్ డెలివరీయా, ఆపరేషనా' అని అడుగుతారు. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం తెలంగాణలో నూటికి 60.7 కాన్పులు సిజేరియన్‌వే. అంటే లెక్క ప్రకారం మామూలు కాన్పు కోత కాన్పే. అయినా మా అమ్మీలు, అమ్మలు, నర్సులు ఎవరూ దాన్ని నార్మల్ అనరు. ఎందుకంటే అక్కడ నార్మల్ అంటే 'ఇలా జరగాలి' అని. అంకె ఎటు మొగ్గినా ఆ మాట కదల్లేదు. కాన్పు విషయంలో ఇంత స్పష్టంగా ఉన్న జనం, మనుషుల విషయానికి వచ్చేసరికి ఎందుకు తడబడతారో!

సరే, మా సంగతికి వద్దాం.

మాలో ఒకరు ఒక పత్రికకు వ్యాసం పంపారు. తిరిగొచ్చింది. ఎర్ర సిరాతో కొన్ని మాటల చుట్టూ సున్నాలు. అమ్మీ. దస్తర్‌ఖాన్. జుమ్మా. ఖాలా. పక్కన ఒక వాక్యం: 'దయచేసి ప్రామాణిక తెలుగు పదాలు వాడండి.' మేం ఆ కాగితాన్ని ముందేసుకుని కూర్చున్నాం. సున్నా చుట్టని మాటలు ఏవో వెతికాం. రైతు ఉంది. జవాబు ఉంది. ఖర్చు, కుర్చీ, జిల్లా, వకీలు ఉన్నాయి. ఆఖరికి 'కాగితం' కూడా ఉంది. ఇవన్నీ అరబ్బీ, ఫారసీల నుంచి ఉర్దూ మీదుగానో, దివాణాల మీదుగానో తెలుగులోకి నడిచొచ్చిన మాటలే. 'రైతు' లేని తెలుగును ఊహించండి! మరి దస్తర్‌ఖాన్ చేసిన నేరమేమిటి? దాని మీద అన్నం తినేది మేం. రైతు మాట అందరి నోళ్లలో నానింది కాబట్టి తెలుగు అయింది. ఖాలా మా నోట్లోనే ఉంది కాబట్టి పరాయిది అయింది. చాచా గునియా తిప్పి పెట్టినట్టు ఈ నియమాన్ని తిప్పి పెట్టి చూడండి. గీతలు విడిపోతాయి.

'ప్రామాణిక తెలుగు' అంటే ఎవరి తెలుగు? మేం పుట్టకముందే జరిగిన పెద్ద యుద్ధం ఇది. చిన్నయసూరి బాలవ్యాకరణాన్ని గునియాగా పట్టుకున్నవాళ్లు ఒకవైపు. గిడుగు రామమూర్తి పంతులు ఒకవైపు. జనం మాట్లాడే భాషను బళ్లోకి, పుస్తకంలోకి తేవాలని ఆయన పోట్లాడాడు. ఆయన మీద మాకు గౌరవమే. సవరల భాష నేర్చుకుని వాళ్లకు నిఘంటువు, వ్యాకరణం రాసినవాడు మాకు పరాయివాడు కాడు. కానీ గెలిచిన భాషకు పెట్టిన పేరు చూడండి. శిష్ట వ్యావహారికం. వ్యావహారికమే, కానీ శిష్టులది. శిష్టులెవరు? చదువుకున్నవాళ్లు, మర్యాదస్తులు. ఆ కాలంలో చదువుకున్నవాళ్లెవరో, ఏ జిల్లాల వాళ్లో, ఏ కులాల వాళ్లో వేరే చెప్పాలా? కృష్ణా, గుంటూరు, గోదావరి జిల్లాల పెద్దింటి మాట పుస్తకమైంది. తెలంగాణ మాట యాస అయింది. రాయలసీమ మాట సినిమాలో విలన్‌కు ఇచ్చారు. మా మాట హాస్యనటుడికి ఇచ్చారు.

శిష్టుల గురించి పతంజలి రెండు వేల ఏళ్ల కింద మహాభాష్యంలోనే ఒక నిజాయితీ అయిన చిక్కు పెట్టుకున్నాడు. మంచి మాట ఏదో వ్యాకరణం చెప్తుంది. వ్యాకరణం ఎవరిని చూసి రాశారు? శిష్టులను చూసి. శిష్టులెవరో ఎలా తెలుస్తుంది? వ్యాకరణం తెలిసినవాళ్లే శిష్టులంటే గానుగెద్దులా తిరిగిన చోటే తిరుగుతాం. అది ఆయనకు తెలుసు. అందుకే బయటికొచ్చి తేల్చిచెప్పాడు: ఆర్యావర్తంలో ఉండే, కుండెడు గింజలతో తృప్తిపడే, లోభం లేని బ్రాహ్మణులు శిష్టులని. మేం ఒప్పుకుంటామా లేదా అన్నది వేరే సంగతి. కనీసం గునియా ఎవరి చేతిలో ఉందో దాచకుండా చెప్పాడు. ఎర్ర సిరా పెన్ను అదీ చెప్పదు. 'ప్రామాణికం' అంటుంది, ఊరుకుంటుంది. ఎవరికి ప్రామాణికం అనే షష్ఠీ, చతుర్థీ విభక్తుల్ని మింగేయడమే ఈ విశేషణం చేసే పని.

'జనజీవన స్రవంతిలో కలవండి' అని మాకు చెప్పేవాళ్లదీ ఇదే భాష. స్రవంతి అంటే ఏరు. ఏరు ఎటు పోవాలో ఎవరూ చెప్పరు, అది పారుతుంటుంది అంతే. కానీ కలవమనే మాట ఆజ్ఞ. పారుతున్నదాన్ని చూపించి, పారాలి అని చెప్పడం. హ్యూమ్ పట్టుకున్న జారుడు ఇక్కడ ఏరై పారుతోంది. అమెరికాలో మైఖేల్ వార్నర్ అనే ఆయన 1991లో, స్త్రీ పురుషుల జంట ఒక్కటే సహజమన్నట్టు నడిచే లోకానికి 'హెటెరోనార్మేటివ్' అని పేరు పెట్టాడు. ఆ సందర్భం వేరు, ఆ మనుషులు వేరు. కానీ ఆ మాటలో 'నార్మేటివ్' అంటే మాకు వెంటనే అర్థమైంది. ఎక్కువమంది అలవాటు, నియమం బట్టలు వేసుకుని తిరగడం.

జనగణన ఫారంలోనూ ఇదే చిన్న రూపంలో ఉంది. 2011 జనగణనలో మాతృభాషకు ఒకే గడి. తెలిసిన ఇతర భాషలు ఇంకో రెండు చెప్పొచ్చు. తెలుగు మాతృభాషగా 8.11 కోట్ల మంది, ఉర్దూ మాతృభాషగా 5.07 కోట్ల మంది లెక్కకు వచ్చారు. మా ఇళ్లలో నానీతో దక్కనీలో పోట్లాడి, వీధిలోకొచ్చి తెలుగులో ఆడుకుని, తెలుగులో ప్రేమించి, ఉర్దూలో నిఖా చేసుకుని, మళ్లీ తెలుగులో కవిత్వం రాసేవాడు ఏ కోటిలో పడాలి? మనిషికి ఒక తల్లి కాబట్టి ఒకే తల్లి భాష అనుకున్నారు. ఫారం తయారుచేసినవాళ్ల దురుద్దేశం ఏమీ లేదు. వాళ్లకు అది నియమమని కూడా తోచి ఉండదు.

ఇక్కడికొచ్చాక మాలో కొందరు కుర్రాళ్లు అన్నారు: అయితే ఈ ప్రమాణాలన్నీ దొంగవే, ఈ గునియాలన్నీ చెరువులో పారేద్దాం. ఎవడి కొలత వాడిదే.

ఈ మాట వినడానికి బాగుంటుంది. కానీ మేం ఒప్పుకోలేకపోయాం. గునియా పారేస్తే మిగిలేది గుంపు. గుంపులో మేమెప్పుడూ తక్కువే. లెక్కలో గెలవలేనివాడికి 'ఉండాలి' తప్ప ఇంకో ఆయుధం ఏముంది?

1950 జనవరి 26న రాజ్యాంగం అమల్లోకి వచ్చింది. పదిహేడో అధికరణం అంటరానితనాన్ని రద్దు చేసింది. ఆ రోజు ఈ దేశంలో ఎన్ని ఊళ్లలో మాలమాదిగలకు వేరే బావి, వేరే గ్లాసు లేవు? 'మామూలు' అదే. రాజ్యాంగం మామూలును చూసి రాయలేదు. మామూలుకు ఎదురు నిలబడి రాసింది. 1948 నవంబరు 4న అంబేద్కర్ రాజ్యాంగ సభలో చెప్పింది కూడా అదే. రాజ్యాంగ నీతి అనేది మనుషులకు పుట్టుకతో వచ్చే భావన కాదనీ, దాన్ని పెంచుకోవాలనీ, మనవాళ్లింకా దాన్ని నేర్చుకోవాల్సే ఉందనీ ఆయన అన్నాడు. నార్మేటివ్‌కు ఇంతకన్నా మంచి ఉదాహరణ మాకు దొరకలేదు. ఉన్నదానికి తలవంచనిది. చిత్రమేమంటే ఉర్దూలో 'దస్తూర్' అంటే ఆనవాయితీ, 'దస్తూర్' అంటేనే రాజ్యాంగం కూడా. ఆ ఒక్క మాటలో మా కథంతా ఉంది. ఒక దస్తూర్ మమ్మల్ని గుమ్మం బయట నిలబెడుతుంది, ఇంకో దస్తూర్‌ను చేత్తో పట్టుకుని మేం లోపలికి అడుగుపెడతాం.

కొలతను ఎలా తయారుచేయాలో చెప్పే ఇంకో కథ ఉంది. అంగన్‌వాడీ గోడ మీద పిల్లల బరువు పటం చూసే ఉంటారు. 1970ల చివరి నుంచి ప్రపంచమంతా వాడిన పటంలో పసిపిల్లల లెక్కలు అమెరికాలోని ఒహాయో రాష్ట్రంలో ఒక చోట కొలిచినవి. వాళ్లలో ఎక్కువమంది సీసా పాలు తాగిన తెల్లపిల్లలు. తల్లిపాలు తాగే పిల్ల కొన్ని నెలలు దాటాక ఆ గీతకు కాస్త కిందికి దిగుతుంది. పిల్ల బాగానే ఉంటుంది. కానీ పటం చూసి తల్లి పాలు చాలడం లేదన్నారు. డబ్బా పాలు పట్టమన్నారు. అక్కడ గునియాయే వంకర. ప్రపంచ ఆరోగ్య సంస్థ దాన్ని పక్కన పెట్టి 1997 నుంచి 2003 దాకా బ్రెజిల్, ఘనా, ఇండియా, నార్వే, ఒమన్, అమెరికాల్లో దాదాపు 8,500 మంది పిల్లలను కొలిచింది. తల్లిపాలు తాగినవాళ్లను, కడుపునిండా తిండి, శుభ్రమైన ఇల్లు ఉన్నవాళ్లను, పొగ తాగని తల్లుల పిల్లలను ఏరుకుంది. ఢిల్లీ పిల్లలూ ఉన్నారు. అలాంటి వసతి దొరికితే అన్ని దేశాల పసివాళ్లూ ఇంచుమించు ఒకేలా పెరుగుతారని తేలింది. 2006లో వచ్చిన ఆ కొత్త పటానికి 'పిల్లలు ఇలా పెరుగుతున్నారు' అని కాకుండా 'పిల్లలు ఇలా పెరగాలి' అని అర్థం చెప్పారు. తర్వాత మన అంగన్‌వాడీల్లోకీ ఆ పటమే వచ్చింది.

ఇందులో రెండు సంగతులు చూడండి. మన దేశపు సగటు పిల్లను కొలతగా పెట్టుకుని ఉంటే బక్కచిక్కడమే నార్మల్ అయ్యేది, ఏ ప్రభుత్వమూ సిగ్గుపడక్కర్లేకపోయేది. ఒక్క ఊరి పిల్లనే కొలతగా పెట్టుకుంటే మిగతా లోకమంతా రోగి అయ్యేది. రెండూ వద్దనుకుని, తిప్పి తిప్పి పెట్టి చూసి చేసిన కొలత ఇది. లోపాలుంటే ఉండొచ్చు. కానీ ఎలా చేశారో, ఎవరిని కొలిచారో బయటికి చెప్పారు.

అన్ని 'ఉండాలి'లూ ఒకే బరువువి కావు. ప్రెషర్ కుక్కర్ల నుంచి వైర్ల దాకా వస్తువులకు ప్రమాణాలు రాసేవాళ్లు ఈ సంగతిలో చాలా కచ్చితం. వాళ్ల పత్రాల్లో 'నార్మేటివ్' అని ఉన్న భాగం పాటించి తీరాల్సింది. 'ఇన్ఫర్మేటివ్' అని ఉన్నది తెలుసుకోవడానికి మాత్రమే. 'షల్' అంటే తప్పనిసరి, 'షుడ్' అంటే చేస్తే మంచిది, 'మే' అంటే చేసుకోవచ్చు. ఇది చదివి మాలో ఒక మౌల్వీ గారి అబ్బాయి పకపకా నవ్వాడు. మా ఫిఖా పుస్తకాల్లో ఇది వెయ్యేళ్ల కిందే ఉందన్నాడు. ఫర్జ్, ముస్తహబ్, ముబాహ్, మక్రూహ్, హరామ్ అని ఐదు గదులు. హనఫీలకు నడుమ వాజిబ్ అని ఇంకో గది. ఆచారం, అంటే ఉర్ఫ్, వీటికి బయట నిలబడి ఉంటుంది. మూలాలకు విరుద్ధం కానంత వరకు దానికీ ఒక విలువ ఉంటుంది, కానీ అది ఫర్జ్ కాలేదు. ఇంత వివరంగా గదులు కట్టుకున్న మా పెద్దలు కూడా, పెళ్లిలో జోడే కీ రఖం దగ్గరికి వచ్చేసరికి రివాజ్‌ను ఫర్జ్ గదిలో కూర్చోబెట్టేశారు. అది వేరే ఏడుపు.

అధికరణం 350ఎ ఉంది. 1956లో చేర్చారు. భాషా మైనారిటీ పిల్లలకు ప్రాథమిక విద్య మాతృభాషలో అందే వసతుల గురించి. చదివితే గుండె నిండుతుంది. మళ్లీ చదివితే తెలుస్తుంది, వసతి 'కల్పించాలి' అని లేదు, కల్పించేందుకు రాష్ట్రం 'ప్రయత్నించాలి' అని ఉంది. కుక్కర్ మూతకున్నంత గట్టి 'షల్' మా పిల్లల చదువుకు దొరకలేదు.

ఇంతదాకా ఇతరుల గునియాలను కొలిచాం. ఇప్పుడు మాది.

గోల్కొండను ఏలిన ముహమ్మద్ కులీ కుతుబ్ షా 1612లో చనిపోయేనాటికి దక్కనీలో ఒక దీవానంత కవిత్వం రాశాడు. అప్పటికి ఢిల్లీ ఫారసీలో రాస్తోంది. 1700 ప్రాంతంలో వలీ దక్కన్ నుంచి ఢిల్లీ పోయాడు. ఆయన కవిత్వం చూశాకే ఢిల్లీ కవులు తమ వీధి భాషలో రాయడానికి ధైర్యం చేశారంటారు. అంటే గునియా ఇక్కడిది. వందేళ్లు తిరిగేసరికి ఢిల్లీ, లక్నోలు ఫసీహ్ అయ్యాయి, దక్కనీ గఁవార్ అయింది. ఈనాటికీ ముషాయిరాల్లో దక్కనీ ఎక్కువగా నవ్వించడానికే లేస్తుంది. మేం కూడా ఉత్తరాది వాళ్ల ముందు 'నక్కో' అనబోయి నాలుక కరుచుకున్నవాళ్లమే. తెలుగు సభలో యాసని నవ్వితే మండిపడేవాళ్లం, ఉర్దూ సభలో మన యాసకు మనమే సిగ్గుపడ్డాం.

అంతకన్నా చేదు సంగతి ఇంకొకటి. ఈ సంకలనానికి వ్యాసాలు పిలిచినప్పుడు కడప వైపు నుంచి ఒక దూదేకుల తమ్ముడు రాసి పంపాడు. పత్తి ఏకే విల్లు గురించి, వాళ్ల నాయన గురించి, పీర్ల పండగ గురించి. వాళ్లింట్లో ఉర్దూ లేదు. తరతరాలుగా తెలుగే. వ్యాసం బాగుంది. చాలా బాగుంది. మేం నలుగురం కూర్చుని చదివి, పెన్సిల్‌తో ఒకచోట గుర్తు పెట్టి తిప్పి పంపాం. 'అమ్మ అని రాశావు. అమ్మీ అంటే మన వాతావరణం వస్తుంది కదా. నమాజు గురించి కూడా ఒక పేరా ఉంటే బాగుంటుంది' అని.

పదిహేను రోజులకు ఉత్తరం వచ్చింది. "అన్నా, మా అమ్మను నేనెప్పుడూ అమ్మీ అని పిలవలేదు. ఇప్పుడు పుస్తకం కోసం పిలిస్తే ఆమె పలకదు. ఊళ్లో హిందువులు మమ్మల్ని సాయిబులంటారు. సాయిబులు మమ్మల్ని మీరేం సాయిబులంటారు. మీరు కూడా అదే అడుగుతున్నారా?"

ఆ ఉత్తరం చదివాక చాలాసేపు ఎవరం మాట్లాడలేదు. ఆ పత్రిక వాళ్ల ఎర్ర సిరా కాగితం మా ఫైల్లోనే ఉంది. రెంటినీ పక్కపక్కన పెట్టాం. వాళ్లు 'అమ్మీ' చుట్టూ సున్నా చుట్టారు. మేం 'అమ్మ' చుట్టూ చుట్టాం. వాళ్లది సిరా, మాది పెన్సిల్. అంతే తేడా. దూదేకుల సిద్ధయ్య, వీరబ్రహ్మం శిష్యుడై, తెలుగులోనే పాడాడని సభల్లో గొప్పగా చెప్పుకునేది మేమే. సిద్ధయ్య ఇప్పుడు వ్యాసం రాసి పంపితే మేం ఏం గుర్తులు పెట్టి ఉండేవాళ్లమో!

మాలో ఒకరు సమర్థించుకోబోయారు. మనది ప్రమాణం కాదు, సలహా మాత్రమే, షల్ కాదు షుడ్ అన్నారు. ఇంకొకరు అడిగారు: వేసుకునేది వద్దనేది మన చేతిలో ఉన్నప్పుడు సలహా ఎక్కడ ఆగి ఆజ్ఞ ఎక్కడ మొదలవుతుంది? ఆ పత్రికాయన కూడా 'దయచేసి' అనే రాశాడు కదా. దానికి ఎవరి దగ్గరా జవాబు లేకపోయింది.

ఆ తమ్ముడికి తప్పయిందని రాశాం. వ్యాసం 'అమ్మ'తోనే వేస్తున్నాం, నమాజు పేరా లేకుండానే.

కానీ తగువు తీరలేదు. పుస్తకం చివర ఉర్దూ మాటలకు అర్థాలు ఇవ్వాలా వద్దా అన్న దగ్గర మళ్లీ మొదలైంది. ఇస్తే, చదివేవాడు మేం కాదని మేమే ఒప్పుకున్నట్టు, తెలుగు చదువరి అంటే దస్తర్‌ఖాన్ తెలియనివాడేనని మేమే రాసిచ్చినట్టు అని ఇద్దరు. 'రైతు'కు ఎవరూ అర్థం ఇవ్వరు కదా అని వాళ్ల వాదన. ఇవ్వకపోతే, కడప తమ్ముడి ఇంట్లో వాళ్లమ్మకు చదివి వినిపించేటప్పుడు ఆమెకు అర్థం కావద్దా అని మిగతా ఇద్దరు. రేపు ఆదివారం మళ్లీ కూర్చుంటున్నాం. ప్రెస్సు వాళ్లు ఆ చివరి ఫారం కోసం ఆగి ఉన్నారు.